మంచు పడే ఊళ్లో సోలార్, మండే ఊళ్లో సోలార్

(నల్లగొండలో విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశంలో, విద్యుత్ శాఖలో చేసి రిటైరైన ఒక సభ్యుడు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్లు అడిగితే ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వినపడుతోందా? మైకు లేకపోయినా పరవాలేదులెండి. ముప్పై మూడేళ్లు స్తంభం కింద నిలబడి, పైనున్న లైన్‌మన్‌ను కేకేసి పిలిచిన గొంతు ఇది.

2022లో దసరా అయ్యాక నేను, మా ఆవిడ అమెరికాలో మా బిడ్డ దగ్గరికి వెళ్లాం. మళ్లీ మార్చిలో ఉగాదికి ముందు వచ్చేశాం. సెక్రటరీ గారు ఆ విశేషాలు చెప్పమన్నారు. నయాగరా చూశారా అని ఇప్పటికి ఓ వంద మంది అడిగారు. చూడలేదు. నేను ఆ ఆరు నెలలు చూసింది ఒక ఇంటి పైకప్పు. మా అల్లుడు ఆ ఇంటి మీద సోలార్ పెట్టించాడు. దాని సంగతే చెప్తాను.

వాళ్లుండేది మిన్నియాపొలిస్. మిన్నెసోటా రాష్ట్రం, పైన కెనడా. 2019 జనవరిలో ఆ ఊళ్లో మైనస్ 33 డిగ్రీలు పడింది. మన ఇంట్లో ఫ్రిజ్ పైగది, ఐస్ పెట్టుకునేది, అది మైనస్ 18. అంటే ఆ రోజు చలికి తట్టుకోలేక ఎవరైనా ఫ్రిజ్‌లో దూరితే వెచ్చగా ఉండేదన్నమాట. అలాంటి ఊళ్లో సోలార్ ఏంది అల్లుడూ, నీకేమన్నా పిచ్చా అన్నాను.

ఇప్పుడు మిమ్మల్ని ఒక మాట అడుగుతాను, చేతులెత్తండి. ఎండ ఒకే తీరుగా ఉందనుకుందాం. సోలార్ ప్యానెల్ ఎక్కడ ఎక్కువ కరెంటిస్తుంది? మే నెలలో నల్లగొండలోనా, ఫిబ్రవరిలో గడ్డకట్టిన మిన్నియాపొలిస్‌లోనా? నల్లగొండ అనేవాళ్లు? చూశారా, దాదాపు అందరూ. నేనూ అదే అన్నాను. ట్రాన్స్‌ఫార్మర్లతో బతికినవాణ్ణి, వేసవిలో అవి ఎందుకు కాలుతాయో తెలిసినవాణ్ణి, నేనూ అదే అన్నాను!

ప్యానెల్ తినేది వెలుతురు. వేడి దానికి గిట్టదు. మీరు ఎవరి డాబా మీదికైనా వెళ్లి ప్యానెల్ వెనక అంటించిన కాగితం చదవండి. దాని మీద 540 వాట్లనో 400 వాట్లనో రాసి ఉంటుంది. ఆ లెక్క ప్యానెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటిది. గాలి కాదు, ప్యానెల్ 25. కంపెనీ ఇచ్చే వివరాల పత్రంలో ఇంకో అంకె ఉంటుంది, ఎవరూ చూడరు. మైనస్ 0.35 అనో, మైనస్ 0.3 అనో. 25 దాటిన ప్రతి డిగ్రీకి అంత శాతం పోతుందని అర్థం. మే నెలలో మనకు గాలే 44. నల్లటి ప్యానెల్, డాబా మీద, మధ్యాహ్నం ఒంటిగంటకు 65కు తక్కువుండదు. 65లో 25 తీసేస్తే 40. నలభైని 0.35తో గుణిస్తే 14. నూటికి పద్నాలుగు వాట్లు అక్కడే ఆవిరి. అదే ఫిబ్రవరిలో మిన్నియాపొలిస్‌లో గాలి మైనస్ 15 అనుకోండి, ఎండకు కాగినా ప్యానెల్ 10 డిగ్రీలు దాటదు. అంటే పోవడం కాదు, రాసిందానికంటే ఐదు శాతం పైనే వస్తుంది. ఏటికి ఎదురీదేది వాళ్లనుకుంటాం గానీ, ఆ ఒక్క విషయంలో ఎదురీదేది మనమే.

అయితే చలి ఊరికే ఏమీ ఇవ్వదు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో చెంప వాయిస్తుంది. ఆ కథ కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఆ ఇంట్లో నేను పనికొచ్చింది ఆ ఒక్కసారే.

సోలార్ కంపెనీ వాళ్లు డ్రాయింగ్ పంపారు. మొత్తం 24 ప్యానెళ్లు, ఒక్కోటి 370 వాట్లు. తొమ్మిది కిలోవాట్లకు కొంచెం తక్కువ. ప్యానెళ్లను మాలలాగా వరుసకు కడతారు, దాన్ని స్ట్రింగ్ అంటారు. వరుసలో వోల్టేజీలన్నీ కూడుతూ పోతాయి. మన టార్చిలైటులో సెల్లులు ఒకదాని వెనక ఒకటి వేసినట్టే. ఆ డ్రాయింగులో ఒక వరుసకు 14, ఇంకో వరుసకు 10 వేశారు. అల్లుడు వంటింటి బల్ల మీద కాగితాలు పరిచి సంతకం పెట్టబోతున్నాడు. నేను చాయ్ తాగుతూ ఊరికే చూశాను. ఒక్కో ప్యానెల్ 41 వోల్టులు. పద్నాలుగు నలభై ఒక్కట్లు 574. ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె, అదే ఇన్వర్టర్, దాని మీద రాసుంది, 600 దాటకూడదని. సరిపోయింది కదా? సరిపోయిందనే అనుకున్నాను.

కప్పు కింద పెట్టాక గుర్తొచ్చింది. వేడికి వోల్టేజీ తగ్గితే, చలికి పెరగాలి కదా! కరెంటు బిల్లు వచ్చిన కవరు తీసుకుని దాని వెనక లెక్కేశాను. ఆ ఊరి చలి మైనస్ 33. పాతిక నుంచి అక్కడికి 58 డిగ్రీలు. డిగ్రీకి 0.28 శాతం వోల్టేజీ పెరుగుతుంది. అంటే 16 శాతం పైన. 574 కాస్తా 667. ఆరువందల ఇన్వర్టర్‌కు 667 ఇస్తే ఏమవుతుంది? మీలో లైన్ మీద పనిచేసినవాళ్లున్నారు, చెప్పక్కర్లేదు.

ఇది ఎప్పుడు జరుగుతుందో తెలుసా? మధ్యాహ్నం కాదు. తెల్లారగట్ల. రాత్రంతా చలికి ప్యానెల్ బిగుసుకుపోయి ఉంటుంది. సూర్యుడు అప్పుడే అంచు మీద తొంగిచూస్తాడు. ఇన్వర్టర్ ఇంకా లేవదు, కరెంటు పారదు, కానీ వోల్టేజీ మాత్రం దాదాపు పూర్తిగా నిలబడుతుంది. ఆ పది నిమిషాలే గండం. పదమూడుకు లెక్కేస్తే 619, అదీ కుదరదు. పన్నెండుకు 572. సరే, పన్నెండు పన్నెండు కట్టమన్నాను. అల్లుడు వాళ్లకు ఫోన్ చేస్తే, ఆ డ్రాయింగ్ అమ్మకాల వాళ్లు గీసింది, ఇంజనీర్ ఇంకా చూడలేదు అన్నారు. నిజమే కావచ్చు. అక్కడ పర్మిట్ ఇచ్చేచోట ఈ చలి లెక్క అడుగుతారు, ఎలాగూ పట్టుకునేవాళ్లు. అయినా మా అల్లుడు ఆ కవరు దాచిపెట్టుకున్నాడు. పెళ్లయిన పదకొండేళ్లకు మామ మీద గౌరవం వచ్చింది.

ఇంటి పని మన పనిలాగా ఉండదు. మనకు స్లాబ్ ఉంది, స్టాండ్ నిలబెడితే అయిపోయింది. వాళ్లది చెక్క ఇల్లు, వాలు కప్పు, పైన తారు పూసిన పలచని రేకుల్లాంటివి, షింగిల్స్ అంటారు. వాటికింద దూలం ఎక్కడుందో సుత్తితో తట్టి పట్టుకుని అక్కడే బోల్టు దించాలి. దూలం తప్పితే ఆ బొక్కలోంచి కరిగిన మంచు పడగ్గదిలోకి కారుతుంది. ఆ షింగిల్స్ పాతవైతే ముందు కప్పు మార్పించమంటారు, ప్యానెళ్లు పాతికేళ్లుంటాయి కదా, మధ్యలో అన్నీ విప్పడం ఎవరి వల్ల అవుతుంది? ఇంకో సంగతి. ప్యానెళ్ల చుట్టూ జాలీ బిగించారు. ఎందుకయ్యా అంటే ఉడతలట. వెచ్చగా ఉంటుందని కింద దూరి వైర్లు కొరుకుతాయట. మా ఆవిడ నవ్వి, "మా ఊళ్లో ఉడతలైతే ఎంత బాగుండు" అంది. మన కోతుల సంగతి మీకు చెప్పాలా! గాజు మీద గెంతుతాయి, వైరు కనబడితే ఊయల ఊగుతాయి. మీరు పెట్టించుకుంటే వైర్లన్నీ పైపులోంచి పోనివ్వమనండి, ఒక్క అడుగు కూడా బయటికి వేలాడనివ్వొద్దు.

మంచు సంగతి

ఆ సీజన్లో అక్కడ 90 అంగుళాల మంచు పడింది. ఏడున్నర అడుగులు. ఒకేసారి కాదులెండి, చలికాలం మొత్తం మీద. మొదటిసారి పడ్డ రోజు పొద్దున ఫోన్‌లో చూస్తే సున్నా. మర్నాడు సున్నా. నాకు టెన్షన్. అన్ని డాలర్లు పోసి కప్పు మీద దుప్పటి కప్పుకున్నట్టుందే! మా ఆవిడైతే, "రెండు బకెట్లు వేడినీళ్లు పోస్తే కరిగిపోదా" అంది. ఆ మాట విని నాకూ సబబే అనిపించింది. అల్లుడు దండం పెట్టి ఆపాడు. మైనస్‌లో ఉన్న గాజు మీద వేడినీళ్లు పడితే గాజు పగులుతుంది, పగలకపోతే ఆ నీళ్లే పది నిమిషాల్లో గడ్డకట్టి ఇంకో పొర అవుతాయి. చీపురుతో గీకకూడదు, ఎక్కి తొక్కకూడదు. పొడుగు కర్రకు మెత్తటి స్పాంజ్ పలక ఉన్న గొర్రు దొరుకుతుంది, కింద నిలబడి అందినంత లాగాలి. అందకపోతే ఊరుకోవాలి.

మూడో రోజు ఎండ వచ్చింది. మధ్యాహ్నం అన్నం తింటున్నాం. గుభేల్‌మని చప్పుడు. ఇల్లు కూలిందనుకున్నాను. చేతులు కడగకుండానే బయటికి పరిగెత్తాను, చెప్పులు కూడా లేవు. చూస్తే కప్పు మీద ప్యానెళ్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి, మంచంతా జారి కార్ల షెడ్డు ముందు మోకాలెత్తు కుప్ప పడింది. ఏం జరిగిందంటే, ఒక మూల కొంచెం నల్లటి గాజు బయటపడితే చాలు, అది వేడెక్కుతుంది, అంచున నీరవుతుంది, ఇక పలకలు పలకలుగా జారుతుంది. అందుకే అక్కడ వాలు నిటారుగా పెడతారు. నడిచే దారి మీద పడకుండా కప్పు అంచున అడ్డాలు కూడా పెట్టిస్తారు. మా అల్లుడు పెట్టించలేదు. ఆ సాయంత్రం కారు తీయడానికి గంట పార పట్టాడు.

మరి మంచు వల్ల ఎంత నష్టం? కెనడాలో ఎడ్మంటన్ అని ఇంకా చల్లటి ఊరుంది. అక్కడి పాలిటెక్నిక్, నెయిట్ అంటారు, ఏళ్ల తరబడి ప్యానెళ్లను రకరకాల వాలులో పెట్టి, కొన్నిటి మీద మంచు తుడుస్తూ, కొన్నిటిని వదిలేసి చూసింది. తుడవకుండా వదిలేసినందుకు ఏడాది మొత్తం మీద పోయింది ఐదు శాతం చుట్టుపక్కలే. అంతేనా అనిపిస్తుంది. అంతే. ఎందుకంటే మంచు పడే నెలల్లో ఎండే తక్కువ. పోవడానికి ఉన్నదెంత?

అసలు దెబ్బ అక్కడుంది. మంచు కాదు, చలి కాదు. సూర్యుడు. మిన్నియాపొలిస్ 45 అక్షాంశం మీద ఉంది, భూమధ్యరేఖకూ ధ్రువానికీ సరిగ్గా నడుమ. మనం 17 మీద. డిసెంబర్ చివర అక్కడ పగలు తొమ్మిది గంటలు కూడా ఉండదు. మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఆకాశంలో 22 డిగ్రీలు కూడా లేవడు. మనకు అదే రోజు 50 దాకా లేస్తాడు. పది అడుగుల చెట్టుకు అక్కడ మిట్టమధ్యాహ్నం పాతిక అడుగుల నీడ. ఇక్కడ ఎనిమిదిన్నర. పక్కింటి చెట్టు ఆకులన్నీ రాల్చి మోడై ఉన్నా, ఆ కొమ్మల నీడే మా అల్లుడి ప్యానెళ్ల మీద గీతలు గీస్తుండేది.

నీడ గురించి నల్లగొండ వాళ్లకు నేను చెప్పాలా? పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం మన దగ్గరే ఉంది, రోజంతా గర్భగుడిలో కదలని నీడ నిలిపిన ఊరు మనది. అయినా డాబా మీద నీళ్ల ట్యాంకు నీడ ఎక్కడ పడుతుందో చూడకుండా ప్యానెల్ పెట్టించుకుంటాం. ఒక మూల నీడ పడితే ఆ మూలే పోతుందనుకుంటారు. అలా కాదు. స్లాబ్ పోసేటప్పుడు కూలీలు వరుసగా నిలబడి తట్టలు అందించుకుంటారు కదా, పాలమూరు నుంచి వచ్చిన మిత్రులకు బాగా తెలుసు. మధ్యలో ఒకడు చేయి ఆపితే ఏమవుతుంది? వెనకవాళ్లంతా తట్టలు పట్టుకుని నిలబడాల్సిందే. ప్యానెల్లో సెల్లులు కూడా అలా వరుసలో ఉంటాయి. ఆగినవాణ్ణి దాటి పోయే దారి, డయోడ్ అంటారు, ప్యానెల్‌కు సాధారణంగా మూడుంటాయి. ఒకటి దారి మళ్లితే ప్యానెల్లో మూడో వంతు పోయినట్టే. పాలమూరులో ఆ పెద్ద మర్రిచెట్టు, పిల్లలమర్రి, దాని కింద సోలార్ పెట్టినవాడికి ఇక భగవంతుడే దిక్కు.

మళ్లీ అక్కడికి వస్తాను. డిసెంబర్లో వాళ్లకు జులైలో వచ్చిన దాంట్లో సగం కూడా రాదు. మరి ఎలా గిట్టుబాటవుతుంది? నెట్ మీటరింగ్. మిన్నెసోటాలో 1983లోనే చట్టం చేశారు. ఎండాకాలం మిగిలింది గ్రిడ్‌కు ఇచ్చి, చలికాలం తీసుకుంటారు. పైగా అప్పట్లో ఖర్చులో 30 శాతం ఇన్‌కమ్ ట్యాక్స్‌లో తగ్గించేవాళ్లు. ఇళ్లకు ఇచ్చే ఆ రాయితీ 2025తో ఆపేశారు.

కానీ ఒకటి గమనించండి. వాళ్లకు ఇల్లు వెచ్చబెట్టుకోవాల్సిన అవసరం ఎక్కువ ఉన్నప్పుడు ఎండ ఉండదు. మనకు? కూలర్, ఏసీ, బోరు మోటరు, అన్నీ మార్చి నుంచి జూన్ దాకే గిరగిరా తిరుగుతాయి, ఎండ కూడా అప్పుడే. ఆకలీ అన్నమూ ఒక వేళకే వచ్చిన ఇల్లు మనది. అది చూసి వచ్చాకే నేను ఇక్కడ పెట్టించాలనుకున్నాను.

మన డాబా మీద

2024లో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం వచ్చాక మూడు కిలోవాట్లు పెట్టించాను. సబ్సిడీ ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు, ఆపైన ఎంతైనా 78 వేలు. పని పూర్తయ్యాక బ్యాంకు ఖాతాలో పడుతుంది. మన దేశంలో తయారైన ప్యానెళ్లే ఉండాలి, అది చూసుకోండి. ఇంకో మాట, ఎవరూ చెప్పనిది. మన రాష్ట్ర గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వచ్చేవాళ్లు తొందరపడొద్దు. రాని బిల్లును తగ్గించుకోవడానికి అప్పు చేయడం ఏం తెలివి? నెలకు మూడు నాలుగు వందల యూనిట్లు కాలేవాళ్లకు మాత్రం ఇది బంగారం. కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్లు అని లెక్క కట్టుకోండి. అమ్మేవాళ్లు ఆరని చెప్తే నవ్వి ఊరుకోండి.

నాకు మార్చిలో రోజుకు 14 దాకా వచ్చేవి. మే నెలలో ఎండ నెత్తి మాడుస్తుంటే 12కు పడిపోయింది. మా ఆవిడ మిషన్ పాడైందంది. పాడు కాలేదు, ఇందాక చెప్పిన వేడి దెబ్బ కూడా అందులో ఉంది. మిన్నియాపొలిస్‌లో ఫిబ్రవరి నెలాఖరున, కింద నేలంతా మంచు, ఆ మంచు మీద పడ్డ వెలుతురు కూడా ఎగిరి ప్యానెల్‌ను కొడుతుంటే, తొమ్మిది కిలోవాట్లకు దాదాపు తొమ్మిదీ చూశాను ఒక మధ్యాహ్నం. ఇక్కడ నా మూడుకు మే నెలలో 2.4 దాటింది లేదు. అందుకని స్టాండ్ ఎత్తుగా వేయించండి. రేకుల షెడ్డులాగా స్లాబ్‌కు అతికించొద్దు. కింద గాలి ఆడితే నాలుగైదు డిగ్రీలైనా దిగుతుంది. ఎత్తు పెడితే కింద బట్టలు ఆరేసుకోవచ్చని మా ఆవిడ ఒప్పుకుంది, నా డిగ్రీల లెక్క విని కాదు.

వాళ్లకు మంచు, మనకు దుమ్ము. తేడా ఏమిటంటే మంచు దానంతటదే జారుతుంది, దుమ్ము వానలు పడేదాకా జారదు. మిర్యాలగూడ నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మీకు ఊక బూడిద కూడా అదనం. రైస్ మిల్లుల గాలి ఎటు కొడితే అటు డాబాలన్నీ నల్లబడతాయి. పది పదిహేను రోజులకోసారి కడగాల్సిందే.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తాను. ఏప్రిల్‌లో మధ్యాహ్నం పన్నెండుకు, ఖాళీగా ఉన్నాను కదా అని, బోరు నీళ్ల పైపు పట్టుకుని శుభ్రంగా కడిగాను. అరగంట తర్వాత చూస్తే గాజంతా తెల్లటి చుక్కలు, సున్నం చిలకరించినట్టు. మన బోరు నీళ్ల సంగతి మన పళ్లకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? కాగిన గాజు మీద నీళ్లు క్షణంలో ఆవిరై, అందులోని ఉప్పులన్నీ అక్కడే పేరుకున్నాయి. దుమ్ము ఉన్నప్పుడే నయం. మిన్నియాపొలిస్‌లో వేడినీళ్లు వద్దని అల్లుడు ఆపాడు, ఇక్కడ చన్నీళ్లు వద్దని ఆపేవాళ్లు లేకపోయారు. గాజు చల్లగా ఉన్నప్పుడే కడగాలి. కృష్ణా నీళ్లు వచ్చిన రోజు నాలుగు బకెట్లు పట్టి ఉంచుకుని, మెత్తటి గుడ్డతో తుడిచి, నీళ్లు ఆరకముందే లాగేయాలి.

బ్యాటరీ గురించి ఎవరో అడిగారు. అక్కడ లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే చెడిపోతుంది, అందుకని నేలమాళిగలో పెట్టుకుంటారు. మనకు అటునుంచి బాధ, వేడికి బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. మెట్ల కింద నీడలో పెట్టండి, డాబా మీద రేకు డబ్బాలో పెట్టొద్దు. బ్యాటరీ లేకుండా పెట్టించుకున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. కరెంటు పోతే మీ సోలార్ కూడా ఆగుతుంది. మిట్టమధ్యాహ్నం, ఎండ మండుతుంటే, ఇంట్లో ఫ్యాన్ ఆగిపోతుంది. చాలామంది మోసపోయామనుకుంటారు. మోసం కాదు. లైన్ ఆపి స్తంభం ఎక్కిన లైన్‌మన్ చేతిలోకి మీ డాబా మీది కరెంటు పోకూడదని అలా చేస్తారు. అలా ప్రాణాలు పోయే దాకా వచ్చిన సందర్భాలు, జనరేటర్లు కరెంటును లైన్‌లోకి వెనక్కి తోసినప్పుడు, నా సర్వీసులో నేను చూశాను. కాబట్టి ఆ రక్షణను తప్పించే మీట ఎవరూ ఎక్కడా పెట్టించొద్దు.

ఏమన్నారమ్మా? ప్యానెళ్లు ఎటువైపు పెట్టాలనా? దక్షిణం. వాలు పదిహేను, పదిహేడు డిగ్రీలు చాలు. మే నెల మొదటి పక్షంలో ఒక రోజు మనకు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, తర్వాత ఆగస్టు దాకా మధ్యాహ్నం ఉత్తరానికే ఉంటాడు, అయినా ఏడాది మొత్తానికి దక్షిణమే లాభం. వాస్తు ఆయన ఆగ్నేయం అంటే? ఆగ్నేయానికి పెడితే ఆట్టే పోయేదేమీ లేదు, ఆయన్నీ సంతోషపెట్టండి.

ఎవరికైనా కడగడం చూడాలనుంటే రేపు మా ఇంటికి రండి, రామగిరిలోనే. పొద్దున ఆరున్నరకు మొదలుపెడతాను. చాయ్ ఉంటుంది. ఎనిమిది దాటాక మాత్రం రావద్దు, గాజు కాగిపోతుంది.